గ్రహాల్ని గుద్దించే ఆట: ప్రయోగమా, ఉత్త బాణసంచానా?

కక్ష్యాపథం:
గ్రహాల్నీ నక్షత్రాల్నీ కంప్యూటర్‌లో ఇష్టమొచ్చినట్టు కదిపి చూసే ఆట యూనివర్స్ శాండ్‌బాక్స్ ఆడేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నా. గ్రహం బరువు మార్చడం, చంద్రుణ్ణి తీసేయడం, రెండు గ్రహాల్ని ఢీకొట్టించడం... వీటిని ప్రయోగం అనొచ్చా? హైస్కూల్ పిల్లలకు ల్యాబ్ పనిగా ఇవ్వొచ్చా? "అది వీడియో గేమ్, ల్యాబ్ కాదు" అని ఒక మిత్రుడు కొట్టిపారేశాడు. నేనైతే ఇవ్వొచ్చనే అంటాను.

ఉదాహరణకి, చంద్రుడి వేగాన్ని సున్నా చేయండి. భూమి మీద పడటానికి ఎన్నాళ్లు పడుతుంది? ఆట తెరవకముందే కాగితం మీద తేలిపోతుంది. తిన్నగా పడటమంటే పూర్తిగా నొక్కేసిన దీర్ఘవృత్తమే కదా. కక్ష్య సైజుకీ చుట్టు కాలానికీ లంకె చెప్పే కెప్లర్ మూడో నియమం ప్రకారం, కక్ష్య సైజు సగమైతే చుట్టు కాలం 2.83 రెట్లు తగ్గుతుంది; పడటం అందులో సగం చుట్టే. కాబట్టి చంద్రుడి చుట్టు కాలం 27.3 రోజుల్ని 5.66తో భాగిస్తే సుమారు 4.8 రోజులు. తాకేటప్పటి వేగం సెకనుకు దాదాపు 9.9 కి.మీ. ఇప్పుడు ప్లే నొక్కి గడియారం చూడమనండి. లెక్క కుదిరితే ఆ పిల్లాడు కెప్లర్‌ని జన్మలో మరిచిపోడు. కుదరకపోతే ఇంకా మంచిది, ఎందుకో వెతుక్కుంటాడు.

రాతిపొర:
చంద్రుడు పడేదాకా మీతో పేచీ లేదండి. పడ్డాకే నా పేచీ.

గురుత్వాకర్షణకు కావలసింది రెండు బరువులు, మధ్య దూరం. అంతే. రాయి అలా కాదు. ఎంత వేడిగా ఉంది, ఎంత ఒత్తిడిలో ఉంది, ఎన్ని పగుళ్లున్నాయి, నీరు ఎంత చేరింది అన్నదాన్ని బట్టి ఒకే రాయి ఒకచోట పెళుసుగా విరుగుతుంది, ఇంకోచోట మైనంలా సాగుతుంది. అంగారకుడి చుట్టూ తిరిగే ఫోబోస్‌నే చూడండి. గ్రహ కేంద్రం నుంచి 9,400 కి.మీ. దూరంలో ఉంది. గురుత్వం ఒక్కటే పట్టి ఉంచే వస్తువైతే, దాని సాంద్రతకు అక్కడ రోష్ హద్దు, అంటే అంతకన్నా దగ్గరికొస్తే గ్రహం లాగుడుకి చెదిరిపోయే దూరం, పదివేల కి.మీ. దాటుతుంది. అంటే ఫోబోస్ ఈపాటికే చెదిరిపోయి ఉండాలి. చెదరలేదు. దాని పదార్థానికి సొంతంగా కాస్త పట్టు ఉంది. సాంద్రత మాత్రమే చూసే లెక్క ఏదైనా ఇక్కడ బోల్తా పడుతుంది.

ఇంకొకటి. ఢీకొట్టగానే ఎర్రగా మెరిసే గ్రహాన్ని చూసి పిల్లలు ఏమనుకుంటారు? భూమి లోపలంతా లావాయే అనుకుంటారు. నిజానికి పైపెంకు కింద ఉండే మందపాటి పొర, మాంటిల్, దాదాపు అంతా గట్టి రాయే. గట్టిగా ఉంటూనే ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున పాకే రాయి. ఆ పాకుడూ, పైనున్న పలకల కదలికా ఆటలో లేవు. వేడికి రంగు మారడాన్ని భూగర్భశాస్త్రం అంటే నేనొప్పుకోను.

ఢాం_ఢాం:
అయ్యా, శనిని తెచ్చి భూమి పక్కన నిలబెట్టి ఏమవుతుందో చూసే రకం నేను. నాకు కెప్లరూ వద్దు, మార్కులూ వద్దు. మీరిద్దరూ కలిసి దీన్ని హోంవర్క్ చేసేస్తే ఆడేవాడే మిగలడు.

టైమ్‌స్టెప్:
గురుత్వం వరకు ఇద్దరూ చేతులు కలిపేశారు. నా అభ్యంతరం అక్కడే.

నేను రాసేది సిమ్యులేషన్ కోడే. కంప్యూటర్‌కి వంపు తెలియదు. ఈ క్షణంలో బలం ఎంత, కాస్త జరుపు, మళ్లీ లెక్కపెట్టు, మళ్లీ జరుపు. ఆ "కాస్త" ఎంతన్నదే అసలు సంగతి. కాలాన్ని పరుగెత్తించాలని వేగం మరీ పెంచితే ఒక్కో అడుగు పెద్దదవుతుంది. గ్రహానికి దగ్గరగా, గబగబా తిరిగే ఉపగ్రహాలు ముందు దారి తప్పుతాయి. ఆయో 1.77 రోజుల్లో బృహస్పతిని చుట్టేస్తుంది. అడుగు గంటల్లోకి వెళ్తే అది ఎగిరిపోవచ్చు, పిల్లాడు "ఆయో కక్ష్యకు స్థిరత్వం లేదు" అని రాసుకొస్తాడు. అది ఆయో గుణం కాదు, అడుగు గుణం. అడుగు సగానికి తగ్గించి మళ్లీ నడిపించినా అదే ఫలితం వస్తేనే నమ్మాలి. ఈ పని చేసే ఆటగాణ్ణి నేనింకా చూడలేదు.

ఒక్కసారి నడిపి తీర్పు చెప్పడం కూడా కుదరదు. 2009లో లాస్కర్, గాస్టినో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సౌరకుటుంబం భవిష్యత్తును ఆరంభ స్థితిలో అతి చిన్న తేడాలతో 2,501 సార్లు లెక్కించారు. సుమారు 1 శాతం సందర్భాల్లో బుధుడి కక్ష్య ప్రమాదకరంగా సాగిపోయింది. వాటిలో ఏదో ఒకటే మీ తెర మీద కనబడితే?

కక్ష్యాపథం:
టైమ్‌స్టెప్ గారూ, అడుగు సగం చేసి మళ్లీ చూడటాన్నే ల్యాబ్ పనిలో పెడతాను. ఇంతకన్నా మంచి అభ్యాసం ఏముంది?

రాతిపొర గారికి ఆయోతోనే జవాబు. ఆయో ఒక చుట్టు తిరిగేలోగా... కాదు, అటునుంచి చెప్తాను: బృహస్పతి ఉపగ్రహాల్లో గానిమీడ్ ఒక చుట్టు తిరిగేలోగా యూరోపా రెండు, ఆయో నాలుగు తిరుగుతాయి. ఈ లయ వల్లే ఆయో కక్ష్య గుండ్రంగా సర్దుకోలేదు. దాంతో బృహస్పతి దాన్ని పిసుకుతూనే ఉంటుంది. ఆయో లోపల కరిగి ఉండాలని పీల్, కాసెన్, రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్తలు లెక్క కట్టిన పేపర్ 1979 మార్చి మొదట్లో అచ్చయింది. కొద్ది రోజులకే వోయేజర్ 1 అంతరిక్ష నౌక తీసిన ఫొటోల్లో ఆయో మీద అగ్నిపర్వతం చిమ్ముతూ దొరికింది. కక్ష్యల నుంచి భూగర్భంలోకి దారి ఉందనడానికి ఇంకేం కావాలి?

రాతిపొర:
దారి ఉంది, కాదనను. కానీ కక్ష్య చెప్పేది పిసికే బలం ఎంతని. అందులో వేడిగా మారేది ఎంతన్నది లోపలి రాయి చెప్పాలి. ఆ ముగ్గురూ రాయి ఎలా నలుగుతుందో కూడా లెక్కలో వేసుకున్నారు.

పైగా వాళ్ల మాట నిజమని తేల్చింది వోయేజర్, ఇంకో లెక్క కాదు. ప్రయోగమంటే ప్రకృతిని అడగడం. ఆటలో మీరు అడిగేది ఆట రాసినవాళ్లని. వాళ్లు వేయని నియమం మీకెన్నటికీ ఎదురుపడదు. 2022 సెప్టెంబర్ 26న నాసా డార్ట్ నౌకను డైమార్ఫోస్‌కి గుద్దించింది. డిడిమోస్ అనే గ్రహశకలం చుట్టూ తిరిగే చిన్న గ్రహశకలం అది. దాని చుట్టు కాలం 73 సెకన్లు మారితే చాలు, విజయమే అనుకున్నారు. 11 గంటల 55 నిమిషాల నుంచి 11 గంటల 23 నిమిషాలకు, అంటే 32 నిమిషాలు తగ్గింది. ఎగిరిపడిన రాళ్లూ దుమ్మూ రాకెట్ పొగలా వెనక్కి తన్నాయి కాబట్టి. ఎంత ఎగురుతుందన్నది గుద్దాకే తెలిసింది.

టైమ్‌స్టెప్:
అదే ల్యాబ్ పనిగా ఇవ్వండి మరి! డిడిమోస్, డైమార్ఫోస్‌లను ఆటలో పెట్టండి. నౌక బరువు సుమారు 570 కిలోలు, వేగం సెకనుకు 6 కి.మీ. పైచిలుకు. ఎగిరే రాళ్లను వదిలేసి, ఆ ద్రవ్యవేగం (బరువూ వేగమూ గుణిస్తే వచ్చేది) మాత్రం డైమార్ఫోస్‌కి ఎదురుదిక్కులో ఇస్తే చుట్టు కాలం పది నిమిషాలకు అటూఇటూగా తగ్గుతుంది. మిగతా ఇరవై పైచిలుకు నిమిషాలూ రాతిపొర గారివి.

రాతిపొర:
దీనికి నేను రెడీ. కాకపోతే ప్రశ్నపత్రం నేను రాస్తాను. ఆ ఇరవై నిమిషాలు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పినవాడికే ఎక్కువ మార్కులు.

కక్ష్యాపథం:
సగం మార్కులు నావి. అడుగు ఎంత పెట్టారో రాయనివాడికి సున్నా.

ఢాం_ఢాం:
నౌక బరువు 570 కోట్ల కిలోలు పెట్టొచ్చా?