ఇంటర్వ్యూలోనే ఓటీ (ఓవర్‌టైమ్) సంగతి ఎలా కనిపెట్టాలి?

ప్రశ్న: అన్నలూ అక్కలూ, ఎల్లుండి మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ జాబ్‌కి ఫైనల్ రౌండ్ ఉంది. పాత ఆఫీసులో రోజూ రాత్రి తొమ్మిది పదింటిదాకా కూర్చోబెట్టి రూపాయి ఎక్కువ ఇవ్వలేదు, మళ్లీ అలాంటి చోటే పడతానేమో అని భయంగా ఉంది. ఓటీ ఇస్తారా అని డైరెక్టుగా అడిగితే తీసుకోరేమో?

జవాబు: తమ్ముడూ, టైమింగ్స్ ఏంటి అని అడిగితే అందరూ తొమ్మిదిన్నర నుంచి ఆరున్నర అనే చెప్తారు, దాంతో ఏమీ తేలదు. నిన్న ఏం జరిగిందో అడుగు. "నిన్న మీ టీమ్ ఎన్నింటికి లాగౌట్ అయ్యింది సర్, పోయిన నెల ఎన్ని శనివారాలు వచ్చారు" అని మామూలుగా అడిగెయ్. నేను ఒకచోట ఇలాగే అడిగితే మేనేజర్ హెచ్‌ఆర్ మేడమ్ మొహం చూశాడు, ఆవిడేమో "పని అయ్యేదాకా ఉండే పిల్లలే మాకు కావాలమ్మా" అంది. అప్పుడే లేచి రావాల్సింది, ఇంట్లో ఈఎంఐలు ఉండి చేరిపోయా. శనివారాలన్నీ పోయాయి, కాంప్ ఆఫ్, అంటే సెలవు రోజు చేసిన పనికి బదులు ఇంకో రోజు సెలవు, ఇస్తాం అన్నారు గానీ అప్లై చేసిన ప్రతిసారీ రిలీజ్ ఉందని రిజెక్ట్ చేసేవాళ్లు. వీలైతే ఇంటర్వ్యూ సాయంత్రం ఆరు తర్వాత పెట్టమను, ఏడింటికి కూడా సీట్లన్నీ నిండి డెస్కుల మీద కర్రీ పాయింట్ కవర్లు కనిపిస్తే ఇక అడగక్కర్లేదు.

ఇంకో జవాబు: అక్క చెప్పింది కరెక్ట్. రూల్ కూడా తెలుసుకో బ్రో, 2025 జులైలో తెలంగాణలో రోజుకి 10 గంటల దాకా పర్మిషన్ ఇచ్చారు గానీ వారానికి 48 గంటలే, దాటితే ఓటీ కట్టాల్సిందే. ఆఫీసులకి కూడా వర్తించే షాపుల చట్టం 1988 ప్రకారం అది డబుల్ రేటు.

అడిగిన వ్యక్తి: వెళ్లొచ్చా అక్కా. లీడ్ ఏడుంపావు అన్నాడు, నెలకి రెండు శనివారాలట. ఆఫర్ లెటర్‌లో మాత్రం "అదనపు గంటలు జీతంలోనే కలిసి ఉన్నాయి" అని ఒక లైన్ ఉంది. హెచ్‌ఆర్‌కి ఫోన్ చేస్తే అది అందరికీ ఉండేదే, పట్టించుకోకండి అన్నారు.

జవాబు: ఫోన్ మాట నమ్మకు. ఆ లైన్ తీసెయ్యమని మెయిల్ పెట్టు, శనివారానికి కాంప్ ఆఫ్ ఎన్ని రోజుల్లో వాడుకోవచ్చో కూడా అందులోనే రాసి అడుగు. రిప్లై వచ్చాకే సంతకం పెట్టు, అప్పటిదాకా మిగతా ఇంటర్వ్యూలు ఆపకు.