1962 యుద్ధం నాటి తెలుగు పత్రికల సంపాదకీయాలు, పాఠకుల లేఖలు ఎక్కడ దొరుకుతాయి?

చైనా యుద్ధంలో ప్రభుత్వాన్ని తెలుగు పాఠకులు ఎంతవరకు నిలదీశారో వ్యాసం రాస్తున్నాను. 1962 అక్టోబర్ 20 నుంచి నవంబర్ 21 వరకు వచ్చిన సంచికలు కావాలి. అక్టోబర్ 26న ఎమర్జెన్సీ వచ్చింది, దాంతోపాటే పత్రికలపై ఆంక్షలకు వీలిచ్చే భారత రక్షణ ఆర్డినెన్స్. అయినా యుద్ధం మొదలైనప్పుడు రక్షణ మంత్రిగా ఉన్న కృష్ణ మేనన్ నవంబర్ 7కల్లా మంత్రివర్గం నుంచి పూర్తిగా తప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఒత్తిడిలో మామూలు జనం వాటా ఎంత అన్నదే నాకు అసలు విషయం.

పార్లమెంటు చర్చల ప్రతులు ఆన్‌లైన్‌లో దొరికాయి, ఆ ఇబ్బంది లేదు. 1963 ఆగస్టులో నెహ్రూ ప్రభుత్వంపై వచ్చిన మొదటి అవిశ్వాస తీర్మానం లెక్క కూడా ఉంది: అనుకూలం 62, వ్యతిరేకం 347. చిక్కంతా పత్రికల దగ్గరే. మా జిల్లా గ్రంథాలయంలో అక్టోబర్ బైండు ఉంది, నవంబర్‌ది లేదు. ఉన్నదాంట్లోనూ సంపాదకీయం కాలమ్ సగం కుట్టులోకి పోయింది, ప్రతి వాక్యానికీ మొదటి రెండు మూడు అక్షరాలు కనబడవు. ఆన్‌లైన్ స్కాన్లు పెద్దవి చేసి చూస్తే లేఖల పేజీ మొత్తం నల్లటి మచ్చే. ఒక పత్రికాఫీసుకు మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు. యుద్ధంలో ఓటమిపై సైన్యం జరిపిన విచారణ, హెండర్సన్ బ్రూక్స్ నివేదిక సంగతి దయచేసి చెప్పకండి, అది సైన్యం గురించి.

ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి - వీటిలో దేనివైనా 1962 నవంబర్ సంచికలు చదవగలిగే స్థితిలో ఏ గ్రంథాలయంలో ఉన్నాయో, మీలో స్వయంగా చూసినవాళ్లు చెప్పగలరా?