అప్‌డేట్: సోమశిల గుట్టల్లో జియోకాష్ దొరికింది

కొల్లాపూర్ దాటాక సోమశిల దగ్గర, కృష్ణ ఒడ్డు గుట్టల్లో దాచిన జియోకాష్ (జీపీఎస్ సాయంతో ఇతరులు వెతికి పట్టుకోవాలని ఆటగా దాచిపెట్టే డబ్బా) కోసం చిన్న కారులో వెళ్లవచ్చా, సిగ్నల్ అందని చోట దాన్ని ఎలా వెతకాలి అని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు, డబ్బా దొరికింది.

సోమశిల వరకు తారురోడ్డే కనుక ఇబ్బంది లేదు. గుట్ట పక్కగా చీలిన మట్టిబాటలో మాత్రం ట్రాక్టర్ చక్రాల జాడలు లోతుగా పడి, నడుమ గట్టిపడిన మన్ను కారు అడుగుకు తగిలేలా ఉండటంతో, కారును వేపచెట్టు కింద ఆపి నడిచాము. నిజానికి ఆ నడకే అన్నిటికన్నా బాగుంది: శ్రీశైలం జలాశయపు నీళ్లు కొండల మధ్యకు చొచ్చుకొచ్చి మలుపు మలుపుకూ కనిపిస్తాయి.

మీరు చెప్పినట్టు మ్యాపును ముందే ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోవడం చాలా మేలు చేసింది. ఉపగ్రహాల సంకేతాలను ఫోన్ నేరుగా అందుకుంటుంది కాబట్టి నెట్‌వర్క్ లేకున్నా జీపీఎస్ పనిచేస్తుంది; అయితే నిలువు బండల దగ్గర ఆ సంకేతాలు రాతికి తగిలి మళ్లడం వల్ల మ్యాపులో మా చుక్క అటూ ఇటూ జరుగుతూనే ఉంది. దాంతో ఫోన్ పక్కన పెట్టి, ఎవరో చేత్తో పేర్చినట్టున్న రాళ్ల కోసం చూశాము. పలకరాళ్ల వెనుక ప్లాస్టిక్ డబ్బా కనిపించింది. మూతలోని రబ్బరు పట్టీ పగిలి కనుగొన్నవారు సంతకం చేయడానికి లోపల ఉంచిన పుస్తకం చెమ్మగిల్లింది. పెన్ను పారకపోవడంతో పెన్సిలుతోనే సంతకం చేశాము.

పుస్తకాన్ని ఎండలో ఆరబెట్టి, జిప్ కవరులో పెట్టి, డబ్బాను యథాస్థానంలో ఉంచాము. పట్టీ మార్చాలని దాన్ని దాచినవారికి తెలియజేశాను. వాన పడిన మర్నాడు మాత్రం ఆ మట్టిబాటలోకి దయచేసి కారు దించకండి.