ముగ్గుల ఫొటోలకి చిన్న డీఎస్‌ఎల్‌ఆర్: 200డి మార్క్ 2 కొనాలా, డి3500 కొనాలా?

ఉత్తర మాడవీధి:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, ఉండేది చెన్నై మందవెళిలో. మార్గళి నెల (మన ధనుర్మాసం) వస్తే తెల్లారకముందే మైలాపూర్ వీధుల్లో తిరుగుతూ ముగ్గుల ఫొటోలు తీసుకోవడం నాకున్న పిచ్చి. ఇన్నాళ్లూ ఫోన్‌తో నెట్టుకొచ్చాను. ఇక నా వల్ల కాదు. వీధి లైటు వెలుగులో తీస్తే తడి నేల మీద సన్నగా జారిన పిండి గీత సున్నం పూసిన పట్టీలా వస్తోంది. పిండి రేణువు ఒక్కటీ కనబడదు. చుట్టూ దిద్దిన కావి అంచు నారింజ రంగుకి తిరుగుతుంది. ఓరల్లో గీతలు వంగిపోతాయి. గంటసేపు నడుం వంచి మెలికల ముగ్గు వేసినావిడ ఫోన్‌లో చూసి "నా ముగ్గు ఇంత వంకరగా ఉందా?" అంటే ఏం చెప్పాలి?

చిన్న కెమెరా కావాలి. ముగ్గులు చూసుకుని అట్నుంచి అటే రైలెక్కి తిరువాన్మియూర్‌లో దిగి ఆఫీసుకి పోతాను. లాప్‌టాప్, టిఫిన్ డబ్బా ఉన్న బ్యాగులోనే ఇదీ పట్టాలి. పైగా మెడలో పెద్ద కెమెరా వేలాడేసుకుని నిలబడితే ముగ్గు వేసేవాళ్లు బిగుసుకుపోతారు. "ఏ పేపరమ్మా?" అని అడుగుతారు.

బడ్జెట్ లెన్స్‌తో కలిపి 40 వేలు. సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు. కానన్ 200డి మార్క్ 2, నికాన్ డి3500 దగ్గర ఆగిపోయాను. ఆఫీసులో అందరూ మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని కెమెరా, కొనమంటున్నారు కానీ నాకు కన్ను ఆనించి, అద్దంలోంచి వచ్చే అసలు వెలుతురు చూస్తూ తీయడమే ఇష్టం. జనవరిలో మైలాపూర్ ఫెస్టివల్ ముగ్గుల పోటీ జరిగే లోపు చేతిలో ఉండాలి. ఏది కొనమంటారు?

క్లిక్ అన్న:

మీ ఆఫీసువాళ్లు చెప్పింది నిజమే. కానన్, నికాన్ రెండూ కొత్త మోడళ్లన్నీ మిర్రర్‌లెస్‌లోనే తెస్తున్నాయి. డి3500 అయితే తయారీయే ఆపేశారు. కానన్ ఆర్50 బ్యాటరీ, కార్డుతో కలిపి 375 గ్రాములే, మీ టిఫిన్ డబ్బా కంటే తేలిక. కొత్తది మీ బడ్జెట్‌కి అందదు, అదొక్కటే చిక్కు. ఆర్100 తక్కువకొస్తుంది కదా అని దానికి మాత్రం పోకండి. స్క్రీన్ కదలదు, టచ్ కూడా లేదు.

పాత షట్టర్:

అమ్మా, అద్దంలోంచి చూసి తీయడం మీకు ఇష్టమన్నారు, నాకూ అదే ఇష్టం. కానీ ముగ్గుని అలా తీయలేరు. ముగ్గు చతురస్రంగా ఉన్నది ఉన్నట్టు రావాలంటే కెమెరా నేలకి సమాంతరంగా, నడిమి చుక్కకి నేరుగా పైన ఉండాలి. అంటే రెండు చేతులూ చాచి తల మీదకి ఎత్తాలి. అప్పుడు కన్ను ఎక్కడ ఆనిస్తారు? చూడాల్సింది స్క్రీన్‌లోనే.

తేడా అక్కడే తేలిపోతుంది. డి3500 స్క్రీన్ వీపుకి అతుక్కుని ఉంటుంది, టచ్ లేదు. స్క్రీన్‌లో చూస్తూ తీస్తే ఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉంటుంది, చీకట్లో మరీనూ. ఈలోపు మీ చేతులు వణకడం మొదలవుతుంది. 200డి మార్క్ 2 స్క్రీన్ పక్కకి తెరుచుకుని కిందకి తిరుగుతుంది. దాని ఫోకస్ పద్ధతి, డ్యూయల్ పిక్సెల్ అంటారు, స్క్రీన్ మీద కూడా చటుక్కున పట్టేస్తుంది. ముగ్గులకైతే నా ఓటు దానికే. బరువు బ్యాటరీ, కార్డుతో 449 గ్రాములు.

ఒక్క విషయం మాత్రం ఎవరూ చెప్పరు. దాని బ్యాటరీ ఒక చార్జింగ్‌కి 1,070 ఫొటోలు ఇస్తుందని రాస్తారు. అది కన్ను ఆనించి తీస్తేనే. స్క్రీన్‌లో చూస్తూ తీస్తే కంపెనీ లెక్క ప్రకారమే సుమారు 320. కాబట్టి రెండో బ్యాటరీకి డబ్బు పక్కన పెట్టుకోండి.

ఇక లెన్స్. ఎవరినడిగినా 50 ఎంఎం 1.8 కొనమంటారు. ఎంఎం అంకె పెరిగేకొద్దీ ఫొటోలో పట్టే చోటు తగ్గుతుంది, 1.8 లాంటి అంకె తగ్గేకొద్దీ లెన్స్‌లోకి వెలుతురు ఎక్కువొస్తుంది. మీరు కొనకండి. చేతులెత్తితే కెమెరా 2 మీటర్ల ఎత్తున ఉంటుందనుకుందాం. ఈ కెమెరా సెన్సర్ (వెలుతురు పట్టే చిప్) మీద 50 ఎంఎంతో నేల మీద 90 సెంటీమీటర్లు పొడవు, 60 సెంటీమీటర్లు వెడల్పు మాత్రమే పడుతుంది. గుమ్మం ముందు చిట్టి ముగ్గు కూడా సరిగా పట్టదు. 24 ఎంఎం దగ్గర 1.85 మీటర్లు, 1.25 మీటర్లు. అది చాలు. 18 ఎంఎం దాకా వెళ్తే ఇంకా పడుతుంది కానీ ఓరల గీతలు వంగడం మళ్లీ మొదలవుతుంది. ముగ్గులో అది దాగదు.

24 ఎంఎం 2.8 అని కానన్‌లోనే బిళ్లలాంటి చిన్న లెన్స్ ఉంది, 125 గ్రాములు. చూడగానే ముచ్చటేస్తుంది. అయినా ముందు దానికీ తొందరపడొద్దంటాను. ముగ్గు కదలదు. కదిలేవి మీ చేతులు. కెమెరాతో వచ్చే 18-55 లెన్స్‌లో వణుకుని సరిదిద్దే ఏర్పాటు ఉంది, ఈ 24లో లేదు. ముగ్గు వేస్తున్న చెయ్యి, వేళ్ల సందుల్లోంచి జారే పిండి తీయాలనిపించినప్పుడు ఈ 24 కొనుక్కోండి. కదిలే చేతికి వెలుతురు ఎక్కువ కావాలి, 18-55 కంటే ఇది ఎక్కువ రానిస్తుంది.

ఫోన్‌లో గీత సున్నం పట్టీలా ఎందుకొచ్చిందో కూడా చెప్తాను. తడి నేల నల్లగా ఉంటుంది. కెమెరా మీటరు ఆ నలుపు చూసి చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది. దాంతో తెల్లపిండి మాడిపోతుంది. ఎక్స్‌పోజర్‌ని (వెలుతురు మోతాదుని) మైనస్ 1 దగ్గర పెట్టి, రా (RAW) ఫార్మాట్‌లో, అంటే కెమెరా దిద్దని ముడి ఫైల్‌గా తీయండి. గీత నిలుస్తుంది, కావి రంగు తర్వాత ఇంట్లో దిద్దుకోవచ్చు. ఫ్లాష్ తెరవకండి. ఎదురు వెలుతురు పడితే పిండి చప్పిడిగా అయిపోతుంది. పక్క నుంచి పడే వీధి లైటే రేణువులని చూపిస్తుంది.

పళ్లికరణై కొంగ:

డి3500ని మరీ అలా తీసిపారేస్తే ఎలా సార్! నేను పళ్లికరణై చెరువు గట్టున పక్షులకి వాడేది అదే. బ్యాటరీ 1,550 ఫొటోలిస్తుంది, చేతికి పట్టు బాగా కుదురుతుంది. ఏ ఫొటో ఫైల్ చూసినా షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో లెక్క దొరుకుతుంది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో మోసపోం. కానన్‌లో ఆ లెక్క ఫొటోలో రాయదు. కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. దీని బాడీలో ఫోకస్ మోటారు లేదు. చవగ్గా వస్తుందని పాత 50 ఎంఎం 1.8డి లెన్స్ కొంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే.

తల మీదకెత్తి తీసే పని అంటే మాత్రం, సరే, ఒప్పుకుంటున్నాను. పక్షుల కోసం నేనా పని ఎప్పుడూ చేయలేదు మరి.

ఉత్తర మాడవీధి:

పాత షట్టర్ గారూ, సెంటీమీటర్ల లెక్క చదివి హాల్లో టేపు పెట్టి కొలిచి చూశాను. మా అమ్మ నన్నో రకంగా చూసింది. 200డి మార్క్ 2కే ఖాయం అయ్యాను. అన్నాసాలై దగ్గర ఒక షాపులో సెకండ్ హ్యాండ్ ఒకటి ఉంది, 18-55తో కలిపి నా బడ్జెట్‌లోనే చెప్తున్నారు. శనివారం చూడ్డానికి వెళ్తున్నా. ఏమేం చూడాలి? ఇంకో టెన్షన్, ఈ ఊరి ఉక్కకి లెన్స్‌లో బూజు పడుతుందంటున్నారు. నిజమేనా?

పాత షట్టర్:

నిజమే. సముద్రం పక్కన ఊరు, గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. షాపులో ముందు చూడాల్సిందీ అదే. లెన్స్ విప్పి, వెనక నుంచి టార్చి వేసి ఏటవాలుగా చూడండి. సాలీడు దారాల్లాంటి పోగులు కనిపిస్తే వద్దనేయండి. ధూళి చుక్కలు ఒకటీ అరా ఉంటే పర్వాలేదు.

తర్వాత ఎఫ్16 పెట్టి (లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేసి) తెల్ల గోడని ఫోకస్ తప్పించి తీసి, పెద్దది చేసి చూడండి. నల్ల మచ్చలు ఉంటే సెన్సర్ మురికి. శుభ్రం చేయించవచ్చు, కాబట్టి ధర తగ్గించమనండి. గీతలా ఉంటే కొనొద్దు. స్క్రీన్‌ని అన్ని వైపులా తిప్పుతూ బొమ్మ మినుకుమంటోందేమో చూడండి, ఈ మోడల్‌లో మీకు పనికొచ్చే భాగం అదే. 18-55 లెన్స్ మీద ఎస్‌టీఎం (ఫోకస్ మోటారు రకం) అని ఉండాలి. బ్యాటరీ ఉబ్బిందేమో బల్ల మీద పెట్టి చూడండి, గిర్రున తిరిగితే ఉబ్బినట్టే. పాత ఫ్లాష్ అంటగట్టబోతే తీసుకోకండి. ఈ మోడల్‌లో ఫ్లాష్ తగిలించే చోట నడిమి పిన్ను ఉండదు, చాలా ఫ్లాష్‌లు వెలగవు.

ఇంటికొచ్చాక బ్యాగులో వదిలేయొద్దు, తోలు సంచిలో అసలే వద్దు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, చిన్న తేమ మీటరు వేసి ఉంచండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. వాడుతూ ఉన్న లెన్స్‌కి బూజు అంత తేలిగ్గా పట్టదు కూడా.

ఏసీ గదిలో మాత్రం పెట్టకండి. తెల్లవారుజామున చల్లటి లెన్స్ బయటికి తీసుకెళ్తే ఆవిరి కమ్మేస్తుంది. రాత్రే డబ్బా హాల్లోకి మార్చేయండి. మర్చిపోతే బ్యాగు జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచండి. ఆవిరి పట్టింది కదా అని చీర చెంగుతో తుడవకండి.

ఉత్తర మాడవీధి:

నేను చుడీదార్‌లో వెళ్తానండీ, అయినా అర్థమైంది. టార్చి, మెమరీ కార్డు రెండూ బ్యాగులో పెట్టేశాను. షాపువాళ్లు ఒక నెల గ్యారంటీ ఇస్తామంటున్నారు. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకుంటే సరిపోతుందా?

క్లిక్ అన్న:

బాడీది, లెన్స్‌ది రెండు నంబర్లూ రాయించండి.