కాన్పు భయం తగ్గాలంటే ఏం చేయాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

మాది కావలి దగ్గర పల్లె. మా చెల్లికి తొమ్మిదో నెల, తొలి కాన్పు. అంతా బాగుంది, నార్మల్ డెలివరీకే చూద్దాం అన్నారు డాక్టరమ్మ. కానీ చూడటానికి వచ్చినవాళ్లంతా తమ నొప్పుల కథలే చెప్పి పోతున్నారు. పిల్లకు రాత్రిళ్లు నిద్ర లేదు. ఎక్కువ భయపడితే ఒంట్లో అడ్రినలిన్ అనే కంగారు హార్మోన్ పెరిగి, నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ హార్మోన్‌కు అడ్డుపడుతుందట. నా టెన్షన్ అదే.

రోజూ సాయంత్రం మిద్దె మీద ఎడమ పక్కకు పడుకోబెట్టి, ముక్కుతో గాలి పీల్చి నోటితో మెల్లగా వదలమంటున్నాను. దవడ, భుజాలు వదులయ్యేసరికి దాని ముఖమే తేటపడుతుంది. అసలు నొప్పులు మొదలయ్యాక కూడా ఇది పనిచేస్తుందా? సర్కారు ఆస్పత్రుల్లో కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని అనుమతించాలని 2016లోనే కేంద్రం చెప్పింది. నెల్లూరు, ఒంగోలు వైపు నిజంగా రానిస్తున్నారా? రానిస్తే, పక్కనుండి నేను ఏం మాట్లాడాలి, ఏం అనకూడదు?