కలోడెన్ యుద్ధం ఏప్రిల్ 16నా, 27నా? 1752కి ముందు తేదీలు మార్చాలా?

పాతలెక్క: ఏప్రిల్‌లో వచ్చే బ్రిటన్ చారిత్రక దినాల పట్టిక ఏది చూసినా స్కాట్లండ్‌లో జరిగిన కలోడెన్ యుద్ధం (1746) 16నే ఉంటుంది. అప్పటికి బ్రిటన్‌ది ఇంకా పాత జూలియన్ క్యాలెండరే, ఇప్పటి గ్రెగోరియన్‌కి 11 రోజులు వెనక; 1752లో గానీ మారలేదు. ఇప్పటి లెక్కలో అది 27. సూర్యుడి చుట్టూ భూమి మళ్లీ అదే చోటికి వచ్చేదే వార్షికోత్సవం అయితే 27కి మార్చాల్సిందే.

రికార్డుగది: మార్చకూడదండీ. బ్రిటన్ రాజు సైన్యాన్ని నడిపిన కంబర్లాండ్ డ్యూక్ పుట్టినరోజు ఏప్రిల్ 15. ఆ రాత్రి అతని సైన్యం తాగి పడుంటుందన్న ఆశతోనే జాకోబైట్లు (గద్దె పోయిన స్టువర్ట్ వంశం కోసం తిరగబడ్డవాళ్లు) చీకట్లో నెయిర్న్‌లోని అతని శిబిరం మీదికి నడిచారు. తెల్లారేలోపు చేరలేక వెనక్కి తిరిగి, నిద్రా తిండీ లేకుండానే 16న యుద్ధానికి నిలబడ్డారు. యుద్ధాన్నొక్కదాన్నే 27కి జరిపితే ఈ గొలుసు తెగిపోతుంది. తద్దినం తిథికి పెట్టేవాళ్లం, పోయిననాటి పంచాంగమే ప్రమాణమని మనకి వేరే చెప్పాలా?

గీతకిరువైపులా: రోజుల గొడవ చిన్నది, సంవత్సరమే అసలు దెబ్బ కొడుతుంది. ఇంగ్లండ్‌లో 1751 దాకా సంవత్సరాది మార్చి 25. మొదటి ఎలిజబెత్ రాణి పోయింది మార్చి 24న. లండన్‌లో అది 1602కి ఆఖరి రోజు. స్కాట్లండ్ 1600లోనే జనవరి 1కి మారింది కాబట్టి ఎడింబరోలో అదే రోజు 1603! స్కాట్లండ్ రాజుకి ఆ చావు కబురు పట్టుకుని గుర్రమెక్కిన రాబర్ట్ కేరీ 26 రాత్రి అక్కడికి చేరేసరికి రెండుచోట్లా 1603.

అందుకని 1752కి ముందటి ఇంగ్లండ్ పత్రంలో జనవరి 1, మార్చి 24 మధ్య తేదీ కనిపిస్తే సంవత్సరానికి ఒకటి కలపండి, రోజుని ముట్టుకోకండి. ఎవరైనా ముందే కలిపేశారేమో కూడా చూసుకోండి, రెండోసారి కలిపేయడం మామూలు తప్పు. 1602/3 అని గీతతో రాసుంటే ఇక పనే లేదు.

పాతలెక్క: మరి షేక్‌స్పియర్ సంగతి? ఆయన పోయిన 1616 ఏప్రిల్ 23 ఇంగ్లండ్ లెక్కది, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్‌కి చెప్పుకునే 23 అప్పటికే గ్రెగోరియన్‌కి మారిన స్పెయిన్‌ది. మార్చకపోతే ఇద్దరూ ఒకే రోజు పోయారనే కథ నడుస్తూనే ఉంటుంది.

రికార్డుగది: అక్కడ మార్చి చూడాల్సిందే, షేక్‌స్పియర్‌ది స్పెయిన్ లెక్కలో మే 3. రెండు క్యాలెండర్లు ఎదురుపడ్డప్పుడే రోజులు కలపాలి. 1700 ఫిబ్రవరి 28 వరకు 10, ఆ మర్నాటి నుంచి 1752 సెప్టెంబరు 2 వరకు 11. జూలియన్‌లో 1700 లీపు సంవత్సరం, గ్రెగోరియన్‌లో కాదు, తేడా అక్కడ పెరిగింది. 1746లో మదరాసు కోట ఫ్రెంచివాళ్ల చేతికి పోయిన రోజు ఇంగ్లీషువాళ్లకి సెప్టెంబరు 10, వాళ్లకి 21.

గీతకిరువైపులా: శతాబ్దం చూసుకోకుండా 11 కలిపితే ఐర్లండ్‌లో జరిగిన బాయిన్ యుద్ధంలా అవుతుంది. 1690 జులై 1కి 10 కలిపితే 11. దాని పేరున జరిగే ఊరేగింపులేమో 12న.

పాతలెక్క: సరే, కలోడెన్‌కి 16 ఉంచి పక్కన ‘పాత క్యాలెండర్’ అని రాద్దాం. సూర్యుడి మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను.