టిగ్ వెల్డింగ్‌లో టంగ్‌స్టన్ రాడ్ కొస పసుపెక్కి పాడవుతోంది. 3422 డిగ్రీల లోహానికి ఇలా ఎందుకవుతుంది?

బాలానగర్_వెల్డర్:
2 మి.మీ. మందం 304 రకం స్టెయిన్‌లెస్ పైపులకు టిగ్ వెల్డింగ్ (టంగ్‌స్టన్ రాడ్ కొస నుంచి కరెంటు మెరుపు, అంటే ఆర్క్, వెలిగించి ఆర్గాన్ గ్యాస్ కప్పి చేసేది). రాడ్ 2.4 మి.మీ. ఎర్ర తలది, 80 ఆంప్స్, టార్చ్ నెగెటివ్‌లోనే ఉంది. ఆర్గాన్ నిమిషానికి 6 లీటర్లు, టార్చ్ ముందుండే గ్యాస్ కప్పు 6 నంబరు, పోస్ట్ ఫ్లో (ఆర్క్ ఆపాక గ్యాస్ వచ్చే సమయం) 2 సెకన్లు. నాలుగైదు జాయింట్లకే టంగ్‌స్టన్ కొస నీలంగా మారి, ఆ తర్వాత పసుపుపచ్చ పొడి కడుతోంది. ఇక ఆర్క్ ఒకచోట నిలవదు, అటూ ఇటూ పోతోంది. చెడిన ముక్కను ప్లయర్‌తో విరిస్తే నిలువునా చీలుతోంది. లోహాలన్నిటిలో ఎక్కువ వేడికి కరిగేది ఇదే అంటారు కదా, 80 ఆంప్స్‌కే ఎందుకు తట్టుకోవట్లేదు? ఇంకో సందేహం: పేరు టంగ్‌స్టన్ అయితే ప్యాకెట్ మీద డబ్ల్యూ అని ఎందుకుంటుంది? వుల్ఫ్ అనే సైంటిస్టు పేరు మీద పెట్టారని ఒకరన్నారు.

ఆర్గాన్_అన్న:
తమ్ముడూ, నీ రాడ్ కరగట్లేదు, కాలుతోంది. రెండూ వేరు. 3422 డిగ్రీలన్నది కరిగే వేడి. గాలి తగిలితే మాత్రం 500 డిగ్రీల చుట్టుపక్కల నుంచే ఆక్సిజన్ దాన్ని తినడం మొదలుపెడుతుంది. ఆ పసుపు పొడి టంగ్‌స్టన్ ట్రై ఆక్సైడ్. ఆర్గాన్ కప్పి ఉన్నంతసేపే రాడ్ భద్రం.

ముందు పోస్ట్ ఫ్లో సరిచెయ్. 10 ఆంప్స్‌కి 1 సెకను లెక్కన నీకు 8 సెకన్లు కావాలి. ఆర్క్ ఆపగానే టార్చ్ పైకి లేపొద్దు, గ్యాస్ ఆగేదాకా అక్కడే పట్టుకో. రాడ్ చల్లారుతుంది, జాయింటూ నల్లబడదు. గ్యాస్ 8 నుంచి 10 లీటర్లకు పెంచు. అలాగని ఈ కప్పుకి 15 దాకా తీసుకెళ్లకు. వేగంగా వచ్చే గ్యాస్ సుడులు తిరిగి బయటి గాలిని లోపలికి లాక్కొస్తుంది. గ్యాస్ లెన్స్ (గ్యాస్‌ను సాఫీగా పంపే జాలీ) లేకపోతే రాడ్ కప్పు బయటికి 6 మి.మీ. మించకూడదు. షెడ్డులో పెడెస్టల్ ఫ్యాను నీవైపు తిరిగి ఉంటే ఈ లెక్కలేవీ పనిచేయవు.

ఇవన్నీ చేసినా రంగు మారుతుంటే, టార్చ్ చల్లారాక రాడ్ మొత్తం బయటికి తీసి చూడు. కొస మాత్రమే నీలంగా ఉంటే తప్పు పోస్ట్ ఫ్లోది. కాలెట్ (టార్చ్‌లో రాడ్‌ను పట్టి ఉంచే బిగింపు) లోపల ఉండే భాగం కూడా మసకబారి ఉంటే టార్చ్‌లోకే గాలి వస్తోందని అర్థం. ఎక్కువసార్లు బ్యాక్ క్యాప్ (టార్చ్ వెనక మూత) రబ్బరు ఓ రింగ్ ఎండి పగిలి ఉంటుంది. దాన్ని మార్చి, గొట్టం జాయింట్లకు సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడు.

గాజువాక_టిగ్:
అన్న చెప్పింది సరైనదే. నిలువునా చీలడం సంగతి నేను చెప్తాను, అది రాడ్ తయారీలోనే ఉంది. టంగ్‌స్టన్‌ని కరిగించి పోత పోయడం కుదరదు, ఆ వేడికి నిలిచే మూస దొరకదు. అందుకే పసుపు ఆక్సైడ్‌ను హైడ్రోజన్‌లో వేడిచేసి బూడిద రంగు లోహపు పొడి తీస్తారు. మీ కొస మీద కట్టే పసుపు పొడీ, ఫ్యాక్టరీలో మొదలుపెట్టే ఆ పొడీ ఒకటే. లోహపు పొడిని అచ్చులో నొక్కి, 2000 డిగ్రీలు దాటించి గట్టిపరిచి, వేడి మీద సుత్తి దెబ్బలతో సాగదీసి కడ్డీ చేస్తారు. దాంతో లోపలి రేణువులన్నీ పొడవునా వెదురు పీచులా సాగి ఉంటాయి. మామూలు వేడిలో టంగ్‌స్టన్ పెళుసు కూడా. ప్లయర్‌తో వంచితే వెదురు బద్దలాగే పీచు వెంబడి చీలుతుంది, చీలిక కంటికి కనపడనంత లోపలికీ పోతుంది. అలాంటి రాడ్‌లో కొస ఎంత బాగా నూరినా ఆర్క్ చెదురుతుంది. డైమండ్ చక్రంతో చుట్టూ గాటు పెట్టి, గాటుకు రెండు వైపులా దగ్గరగా పట్టుకుని విరవండి.

నూరడం కూడా పొడవునా ఉండాలి, గీతలు కొస వైపు పోవాలి. రాడ్‌ను రాయికి అడ్డంగా పెట్టి తిప్పితే చుట్టూ గీతలు పడతాయి, ఆర్క్ ఆ గీతల మీద ఎక్కి తిరుగుతుంది. 2.4 రాడ్‌కి వాలు 5 నుంచి 6 మి.మీ. చాలు. సూదిలా వదిలేస్తే ఆ మొన విరిగి జాయింట్‌లో పడుతుంది, చివర కొద్దిగా చదును చేయండి. మైల్డ్ స్టీలు నూరిన రాయి దీనికి వాడొద్దు, టంగ్‌స్టన్‌కి వేరే రాయి పెట్టుకోండి.

ఎర్ర తల రాడ్‌లో 2 శాతం థోరియం ఆక్సైడ్ ఉంటుంది, అది రేడియోధార్మికం. పెట్టెలో ఉన్న రాడ్‌తో పెద్ద ప్రమాదం లేదు. నూరేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోవడమే భయం. మాస్కు తప్పనిసరి. ఇంకా మంచిది, నీలం తల లాంథనం రాడ్ తెచ్చుకోండి. 304కి ఎర్రదానికి ఏమాత్రం తీసిపోదు.

లోహవిద్య:
ఆర్క్ వేడి టంగ్‌స్టన్ కరిగే వేడికన్నా ఎంతో ఎక్కువ. అయినా కొస నిలుస్తోందంటే కారణం ఎలక్ట్రాన్లు. రాడ్ నెగెటివ్‌లో ఉన్నప్పుడు అవి కొస నుంచి బయటికి దూకుతూ వేడిని వెంట తీసుకుపోతాయి. శుద్ధ టంగ్‌స్టన్ నుంచి ఎలక్ట్రాన్ బయటపడటానికి సుమారు 4.5 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. థోరియం కలిపితే అది 2.6 దరిదాపులకు దిగుతుంది. లాంథనం చేసే పనీ అదే. పొరపాటున టార్చ్ పాజిటివ్‌లో పెడితే వేడిలో ఎక్కువ భాగం రాడ్ మీదే పడి, కొస క్షణాల్లో గుండు కడుతుంది.

ఇక పేరు. వుల్ఫ్ సైంటిస్టు కాదు, నిజంగా తోడేలే. జర్మన్ గనుల్లో తగరం ఖనిజం కరిగించేటప్పుడు ఒక నల్లరాయి (ఇప్పటి పేరు వుల్ఫ్రమైట్) కలిస్తే తగరం తక్కువ దిగేది, మిగతాది చిట్టెంలో పోయేది. తోడేలు గొర్రెను మింగినట్టు తగరాన్ని మింగేస్తోందని దాన్ని తిట్టుకున్నారు. జర్మన్ ఖనిజ పండితుడు అగ్రికోలా 1546లోనే లాటిన్‌లో ‘తోడేలు నురుగు’ అని రాశాడు. వుల్ఫ్రమ్ అనే మాటకు మూలం అదే. టంగ్‌స్టన్ స్వీడిష్ మాట: తుంగ్ అంటే బరువు, స్టెన్ అంటే రాయి. మొదట అది ఇప్పుడు షీలైట్ అనే ఖనిజానికి పేరు. అందులోంచి 1781లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే కొత్త ఆమ్లాన్ని తీశాడు. 1783లో స్పెయిన్‌లోని బెర్గారాలో ఎలుయార్ సోదరులు నల్లరాయి నుంచి తీసిన ఆమ్లాన్ని బొగ్గుతో వేడిచేసి లోహాన్ని రాబట్టారు. వాళ్లు పెట్టిన పేరు వుల్ఫ్రమే, గుర్తు దాని మొదటి అక్షరం. స్వీడన్‌లో కూడా ఈ లోహాన్ని వోల్‌ఫ్రామ్ అనే అంటారు! మన దేశంలో రాజస్థాన్‌లోని డేగానా గనిలో దొరికిందీ వుల్ఫ్రమైట్ రాయే.

బాలానగర్_వెల్డర్:
అందరికీ థ్యాంక్స్. ఓ రింగ్ నిజంగానే పగిలి ఉంది, మార్చాను. చివరిగా ఒకటి: కొస పూల్‌కి (కరిగిన లోహపు మడుగుకి) తగిలితే కొంచెం నూరి వాడేసుకోవచ్చా?

గాజువాక_టిగ్:
వద్దు. తగిలిన చోట ఇనుము, నికెల్ అంటుకుంటాయి, ఆ మిశ్రమం టంగ్‌స్టన్ కన్నా ఎంతో తక్కువ వేడికే కరుగుతుంది. అంటుకున్న భాగం మొత్తం తీసేసి మళ్లీ వాలు కట్టండి. కొస ముక్క పూల్‌లో పడిందనిపిస్తే అక్కడే ఆగి, ఆ చోటు గ్రైండ్ చేసి ముక్క తీశాకే ముందుకు పోండి. స్టీలు సాంద్రత ఘన సెం.మీ.కి 8 గ్రాముల దగ్గర ఉంటే టంగ్‌స్టన్‌ది 19.3. రేడియోగ్రఫీ (జాయింట్‌కి తీసే ఎక్స్‌రే) ఫిల్ములో గాలి బుడగ నల్లచుక్కగా పడుతుంది, టంగ్‌స్టన్ ముక్క తెల్లచుక్కగా మెరుస్తుంది. ఇన్‌స్పెక్టర్ కంటికి మొదట ఆనేది అదే.